విజయరాయిలో పది రోజుల మౌనం: నా అనుభవం

నవంబరు 5, బుధవారం, కార్తీక పౌర్ణమి. ప్రతి ఏడూ ఆ సాయంత్రం కృష్ణ ఒడ్డున మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించేదాన్ని. ఈసారి ఆ వేళకి ఏలూరు దగ్గర విజయరాయిలో, ధమ్మ విజయ విపశ్యన ధ్యాన కేంద్రంలో ఒక బల్ల ముందు నిలబడి ఉన్నాను. ఫోను, చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం, పెన్ను, అమ్మ తులసిపూసల జపమాల ఒక్కొక్కటే సంచిలో వేసి అప్పగిస్తున్నాను. ఫోన్ ఇచ్చేటప్పుడు ఏమీ అనిపించలేదు. జపమాల దగ్గర చెయ్యి ఆగిపోయింది. బల్ల వెనక కూర్చున్న సేవకురాలు తొందరపెట్టలేదు. "చివర్లో మళ్ళీ మీ చేతికే ఇస్తామమ్మా" అంది. రెండుసార్లు కళ్ళకద్దుకుని ఇచ్చేశాను.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆసనాలు, ప్రాణాయామం, పావుగంట ధ్యానం చేస్తున్నాను. అమ్మ నాకంటే చాలా ముందు నుంచీ చేసేది. ఆవిడ కోరిక ఒక్కటే, కళ్ళు మూసుకుంటే కనుబొమల మధ్య జ్యోతి కనపడాలి. "ఒక్కసారి కనపడితే చాలే, ఈ జన్మ గట్టెక్కినట్టే" అనేది. మొన్న ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. చివరి నాలుగు రోజులూ ఐసీయూలో అన్నయ్య పేరే పలవరించింది. అన్నయ్య పుణె నుంచి వచ్చేసరికి అమ్మ ఐస్ బాక్సులో ఉంది. కర్మ జరిగిన పన్నెండు రోజులూ అన్నయ్యతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత అదీ లేదు. అమ్మ చూడలేకపోయిన జ్యోతిని నేనైనా చూడాలనే పట్టుదలతోనే ఈ కోర్సుకి వెళ్ళాను. వెళ్ళబోయేవాళ్ళకి నా అనుభవం పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వినాయక చవితి మర్నాడు, ఆగస్టు 28న, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఆరోగ్యం గురించి, వేసుకునే మందుల గురించి, మానసికంగా ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా అన్నదాని గురించి, ఇంతకుముందు చేసిన సాధన గురించి వివరంగా అడుగుతారు. ఏదీ దాచకండి. బీపీ మాత్ర వేసుకుంటానని రాశాను, దానివల్ల సీటు పోలేదు. మొదట వెయిటింగ్ లిస్టులో పడ్డాను. ఆరు వారాలకి, అక్టోబరు 9న, సీటు ఖాయమైందని మెసేజ్ వచ్చింది. వస్తున్నామని మనం మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోర్సు జరుగుతుందో లేదోనని రెండు రోజులు ఒకటే టెన్షన్. జరిగింది.

ఖర్చు గురించి అందరూ అడుగుతున్నారు. కోర్సుకి, గదికి, భోజనానికి ఒక్క రూపాయి తీసుకోరు. ముందే ఇస్తామన్నా పుచ్చుకోరు. పూర్తి చేసినవాళ్ళ దగ్గర మాత్రమే, అదీ చివర్లో, తోచినంత దానం తీసుకుంటారు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చింది కాబట్టి ఆధార్ చూపించి ఏలూరు దాకా వెళ్ళాను. అక్కడినుంచి ఆటోకి నాలుగువందలు. ఫోన్ ఉండదు కదా అని రెండువందల ఇరవై పెట్టి అలారం గడియారం కొన్నాను. దాని అవసరమే రాలేదు, గంట కొట్టి లేపుతారు. ఎక్కువ అవసరపడినవి టార్చి, శాలువా, వదులుగా ఉండే నాలుగు నూలు చుడీదార్లు. బ్యాంకులో తొమ్మిది రోజుల సెలవు పోయింది.

ఆ రాత్రి పంచశీల చెప్పించారు. హింస చెయ్యను, దొంగతనం చెయ్యను, బ్రహ్మచర్యం పాటిస్తాను, అబద్ధమాడను, మత్తు పదార్థం ముట్టను. ఇవి తేలికే అనిపించింది. కష్టమనిపించింది ఇంకొకటి. ఈ పది రోజులూ మన పాత సాధన మొత్తం పక్కన పెట్టాలి. జపం, దీపం, ఆసనాలు, ప్రాణాయామం ఏదీ చెయ్యకూడదు. ఈ పద్ధతిని కలగాపులగం చెయ్యకుండా పరీక్షించి చూడమన్నారు. ఎనిమిదింటికల్లా ఆర్య మౌనం మొదలైంది. నోటితోనే కాదు, సైగతో కూడా మాట్లాడకూడదు, కళ్ళలో కళ్ళు పెట్టి చూడకూడదు. నా గదిలో ఇంకొకావిడ ఉంది, నాకంటే పెద్దది. పేరైనా అడగకుండానే పడుకున్నాం.

మర్నాడు నాలుగింటికి గంట. బయటికొస్తే పడమట పున్నమి చంద్రుడు ఇంకా పెద్దగా ఉన్నాడు. టార్చి వెయ్యాల్సిన పని లేదు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ధ్యానం, తర్వాత టిఫిన్. ఎనిమిది నుంచి పదకొండు దాకా మళ్ళీ కూర్చోవడం. పదకొండింటికే భోజనం. ఒంటిగంట నుంచి అయిదు దాకా ధ్యానం, అయిదింటికి టీ, ఒక పండు, మరమరాలు. ఆరింటికి గంటసేపు అందరూ కలిసి కూర్చోవాలి, ఆ తర్వాత ప్రవచనం, కాసేపు ధ్యానం, తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. లెక్కేస్తే రోజుకి పది గంటలకు పైనే. రాత్రి భోజనం లేదని భయపడ్డాను గానీ ఆకలి రెండు రోజులే బాధపెట్టింది. ఇంతకుముందు కోర్సు చేసినవాళ్ళకి సాయంత్రం నిమ్మరసం నీళ్ళే. పండు వలుస్తుంటే ఎదురుగా వాళ్ళ గ్లాసులు చూసి మొదటిరోజు మొహమాటపడ్డాను.

బోధించేది సత్యనారాయణ గోయెంకా గారి గొంతు. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి, విడవని మైగ్రేన్ తలనొప్పితో అక్కడి ధ్యాన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళి ఈ విద్య నేర్చుకున్నారు. 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. 2013లో పోయారు. ఇప్పుడు హాలులో సహాయక ఆచార్యులు ఉంటారు, సూచనలు మాత్రం రికార్డు చేసినవే, వెంటనే తెలుగులోనూ వస్తాయి. ఎదురుగా గురువు లేకుండా ఏం నేర్చుకుంటాం అని మొదటి పూట అసంతృప్తిగా ఉండింది. మూడోరోజుకి ఆ గొంతు మా పెదనాన్న గొంతంత అలవాటైపోయింది.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన. సహజంగా వచ్చే శ్వాసని గమనించడం, అంతే. లెక్క పెట్టొద్దు, సోహం అనుకోవద్దు, పొడుగు చెయ్యొద్దు, ఆపొద్దు. ప్రాణాయామం చేసినవాళ్ళకి ఇదెంత కష్టమో చెప్పలేను. శ్వాస మీద దృష్టి పెట్టగానే పొట్ట దానంతటదే లోపలికి పోతుంది, ఊపిరి లెక్క ప్రకారం సాగుతుంది. పదకొండేళ్ళుగా శ్వాసని నడిపించడమే నేర్చుకున్నాను, దాన్ని వదిలెయ్యడం ఎవరూ నేర్పలేదు. రెండోరోజు మధ్యాహ్నం దాకా ఇదే గొడవ. ఆఖరికి అలసిపోయి, ఇంక నావల్ల కాదని వదిలేసినప్పుడు ఎడమ ముక్కు అంచున సన్నగా, చల్లగా గాలి తగిలింది. అది నేను పీల్చిన శ్వాస కాదు. తనే వచ్చింది. ఒక్క క్షణం ఒళ్ళు జల్లుమంది.

మూడోరోజు ముక్కు కింద, పై పెదవి మీద ఉన్న ఆ కాస్త చోటులోనే మనసు నిలపమన్నారు. మధ్యాహ్నం రెండో గంటలో, మూసుకున్న కళ్ళ ముందు ఊదారంగు వెలుగు వచ్చింది. ముందు మరకలా ఉండి, మెల్లగా గుండ్రంగా, మామిడిపండంత అయింది. మధ్యలో తెల్లగా ఉంది. అమ్మ చెప్పిన జ్యోతి ఇదేననుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకుంటే పోతుందేమోనని తుడుచుకోలేదు. గది కెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుని "అమ్మా, కనపడిందే" అని లోపలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేని సంతోషం అంత బరువుగా ఉంటుందని తెలీదు.

మర్నాడు భోజనం తర్వాత ఆచార్యురాలిని కలవడానికి పేరిచ్చాను. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఒక్కొక్కరినీ అయిదు నిమిషాలు కూర్చోబెట్టుకుంటారు, సాధన గురించి మాత్రం మాట్లాడొచ్చు. వెలుగు గురించి చెప్పాను. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. "మనసు ఏకాగ్రమైనప్పుడు కొందరికి అలా వస్తుందమ్మా. రానివ్వండి, పోనివ్వండి. మీ పని పెదవి పైన ఏముందో చూడటం" అంది. చిన్నబుచ్చుకున్నాను. మా అమ్మ జీవితమంతా ఎదురుచూసిందాన్ని ఒక్క మాటలో తీసేసినట్టనిపించింది. ఆ కోపంతోనే హాలుకి వెళ్ళాను. అదే రోజు, నాలుగోరోజు మధ్యాహ్నం, విపశ్యన నేర్పారు.

ఇక్కడినుంచి పద్ధతి మారుతుంది. నడినెత్తి నుంచి కాలివేళ్ళ దాకా ఒంటిమీద ఒక్కొక్క భాగం తీసుకుని, అక్కడేముంటే అది చూసుకుంటూ పోవాలి. దురద, వేడి, తిమ్మిరి, నొప్పి, ఏదైనా సరే. మంచిది వస్తే పట్టుకోకూడదు, చెడ్డది వస్తే తోసెయ్యకూడదు. రెండూ పోయేవే అని తెలుసుకుంటూ ఉండాలి, అనిత్యం. రోజుకి మూడుసార్లు గంటపాటు కాళ్ళు విప్పకుండా, చేతులు కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి. దాన్ని అధిష్ఠానం అంటారు. మోకాళ్ళు, వెన్ను బాగా ఇబ్బందిపెట్టేవాళ్ళకి కుర్చీ ఇస్తారు, అడగడానికి సిగ్గుపడకండి. పద్మాసనం వేసే నాకు కింద కూర్చోవడం ఒక లెక్కా అనుకున్నాను. నలభై నిమిషాలు దాటేసరికి కుడి మోకాలిలో ఎవరో దబ్బనం గుచ్చి తిప్పుతున్నట్టు నొప్పి. సుఖాసనంలో కూర్చుని, పిరుదుల కింద ఇంకో దిండు, కుడి మోకాలి కింద మడిచిన శాలువా పెట్టుకున్నాక కాస్త నయమైంది.

అయిదోరోజు ఉదయం ఆ నొప్పితో పాటు అన్నయ్య వచ్చాడు. ఎక్కడో అడుగున ఉన్నదంతా పైకి లేచింది. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీ, "రేపు బయల్దేరతాలే, ఇక్కడ ఆడిట్ ఉంది" అన్న గొంతు, అద్దంలోంచి అమ్మ కదుపుతున్న పెదాలు. మనసులో అన్నయ్యని నిలబెట్టి నోటికొచ్చిందల్లా అన్నాను. కొత్తగా తెలిసిందేమంటే, ప్రతి మాటకీ ఛాతీ మధ్యలో కుంపటి అంటుకున్నట్టు మంట, దవడ బిగుసుకోవడం, అరచేతుల్లో చెమట. తొమ్మిది నెలలుగా ఇది అన్నయ్య మీద కోపం అనే అనుకున్నాను. కాలుతున్నది నా గుండెకాయ అని అక్కడ కూర్చుంటే తెలిసింది. చెప్పినట్టే మంటని మంటగా చూద్దామని ప్రయత్నించాను. ఒక్కో గంటలో రెండు మూడు నిమిషాలే నిలబడగలిగాను.

ఆరోరోజు ఒకమ్మాయి సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. రెండోరోజు, ఆరోరోజు చాలామందికి వెళ్ళిపోవాలనిపిస్తుందని ప్రవచనంలోనే చెప్పారు. నాకూ ఆ రాత్రి అలాగే ఉండింది. గదిలో ఆవిడ దుప్పటి కిందనుంచి ఏడుపు వినపడింది. లేచి వెళ్ళి వీపు నిమరడానికి లేదు. చీకట్లో ఇద్దరం మేలుకునే ఉన్నామని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి నేనూ ఏడ్చాను. పొద్దున్నే చూస్తే, ఎప్పుడూ నేను కడిగే బకెట్టు ఆవిడ కడిగి, నా వైపు బోర్లించి పెట్టింది.

ఏడోరోజు, నవంబరు 12, తెల్లవారుజామున సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. ఎనిమిదింటి అధిష్ఠానంలో మోకాలి నొప్పి మామూలుగానే మొదలైంది. ఆరోజు ఎందుకో దానితో పోట్లాడలేదు. చూస్తున్నకొద్దీ ఆ దబ్బనం కరిగి, ఇసుక రవ్వల్లా, తర్వాత సన్నటి నురగలా విడిపోయింది. ఆ నురగ తొడ మీదుగా నడుముకి, వీపుకి, తలదాకా పాకింది. ఒళ్ళంతా గట్టిగా ఉన్న చోటంటూ లేదు, అంతా కదులుతోంది, చినుకులు పడే చెరువులా. ఎంతసేపో తెలీదు. గంట అయిపోయిందని గొంతు వినిపిస్తే నమ్మలేకపోయాను. అక్కడినుంచి వేపచెట్టు కిందికి వెళ్ళి నిలబడితే ప్రతి ఆకూ విడిగా కనిపించింది. జ్ఞానోదయం అంటే దీని వాకిలేననుకున్నాను. ఇప్పటికీ ఆ గంట నా జీవితంలో చాలా పెద్దది, దాన్ని తగ్గించి చెప్పలేను.

ఎనిమిదోరోజు అది రాలేదు. మూడు అధిష్ఠానాల్లోనూ దానికోసమే చూస్తూ కూర్చున్నాను. వచ్చింది మోకాలి నొప్పి, నిద్ర, విసుగు. మధ్యాహ్నం మళ్ళీ ఆచార్యురాలి ముందు కూర్చుని, నిన్నటిది పోయిందని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆవిడ నా ఏడుపు ఆగేదాకా ఆగి, "నిన్న అది వచ్చినప్పుడు ఒంట్లో ఏముందో చూశారు. ఈరోజు అది కావాలనుకుంటున్నారే, అప్పుడు ఒంట్లో ఏముందో చూశారా?" అని అడిగింది. చూడలేదన్నాను. "అది చూడండమ్మా" అంది. అంతే మాట్లాడింది.

సాయంత్రం ఆరింటికి అదే చూశాను. కావాలి కావాలి అన్నప్పుడల్లా గొంతు దగ్గర చిన్న బిగింపు, ఛాతీ కొద్దిగా ముందుకి వంగడం. ఎక్కడో తెలిసినదే అనిపించింది. ఐసీయూ బయట కుర్చీలో, అన్నయ్య రావాలి, ఇప్పుడే రావాలి అని లిఫ్టు వైపు చూస్తూ కూర్చున్నప్పుడు సరిగ్గా ఇక్కడే, ఇలాగే బిగిసింది. జ్యోతి కావాలనుకున్నప్పుడూ ఇదే. అమ్మ కూడా ఇన్నేళ్ళూ ఈ బిగింపుతోనే కూర్చుందా అనిపించి దుఃఖం ముంచుకొచ్చింది. యోగా క్లాసులో మా మాస్టారు పతంజలి గురించి చెప్తూ, అద్భుతంగా కనిపించే సిద్ధులు సమాధికి అడ్డంకులని ఆయన అన్నాడని చెప్పేవారు. పదిసార్లు విని ఉంటాను. ఒంట్లో అర్థమైంది ఆ సాయంత్రమే. ఇక్కడ ఎంత ముందుకెళ్ళామో కొలవడానికి వచ్చిన అనుభవాలు లెక్కకి రావు, వచ్చినదాని ముందు మనసు ఎంత సమంగా ఉందన్నదే లెక్క. ఆ మాట ప్రవచనాల్లో రోజూ చెప్తూనే ఉన్నారు, నాకే వినపడలేదు.

తొమ్మిదోరోజు గురించి రాయడానికి పెద్దగా లేదు. నొప్పి ఉంది, కూర్చున్నాను. పదోరోజు ఉదయం మంగళ మైత్రి నేర్పారు. మనవల్ల ఎవరికైనా బాధ కలిగితే క్షమించమని అడగడం, మనని బాధపెట్టినవాళ్ళని క్షమించడం, అందరూ సుఖంగా ఉండాలని కోరుకోవడం. అన్నయ్యని తలుచుకుంటే ఛాతీలో మంట ఇంకా ఉంది. కుంపటంత లేదు, ఆరబోతున్న కుంపట్లో బూడిద కింద వేడంత ఉంది. పూర్తిగా క్షమించేశానని చెప్పను. మంట ఉండగానే అన్నయ్య సుఖంగా ఉండాలని అనుకోగలిగాను.

ఆ తర్వాత మౌనం విడిచారు. గొంతు బొంగురుపోయి వచ్చింది. గదిలో ఆవిడ తణుకు నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు. కొడుకు పోయి రెండేళ్ళయిందట. పది రోజులు పక్కపక్క మంచాల మీద పడుకుని ఆ సంగతి అప్పుడు తెలిసింది. నన్ను "చెల్లీ" అని పిలిచింది. దానం తీసుకునే బల్ల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. ఇన్ని రోజులూ తిన్నది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, వాళ్ళ కోర్సు అయ్యాక ఇచ్చిన డబ్బుతో. డబ్బివ్వకుండా ఎక్కడా తిననిదాన్ని, అన్ని రోజులు భిక్ష తిన్నాను. నేనిచ్చిందీ అలాగే ఎవరి పళ్ళేనికో పోతుందని ఇచ్చాను.

నవంబరు 16, ఆదివారం, ఏడున్నరకల్లా అంతా అయిపోయింది. జపమాల నా చేతికొచ్చింది. ఫోన్ తెరిస్తే మెసేజీలు ధారగా పడుతున్నాయి, తల తిరిగినట్టయి మళ్ళీ కట్టేశాను. ఆరోజే ఇంటికెళ్ళి వంటింట్లో దూరకుండా ఒక పూట ఎక్కడైనా నిశ్శబ్దంగా గడపగలిగితే మంచిది. తణుకు అక్కా నేనూ ఆటో మాట్లాడుకుని గుంటుపల్లి కొండకి వెళ్ళాం. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు తొలుచుకున్న గుహలు. అక్కడొక గుండ్రటి గుహ ఉంది. లోపల కప్పుకి పూరింటి దూలాలు, వాసాల్లాగే రాతిలో చెక్కారు. మధ్యలో స్తూపం. ఊళ్ళోవాళ్ళు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. కార్తీకం కదా, ప్రమిదలు పెట్టుకున్నాం. పున్నమినాడు వెలిగించని వత్తులు అక్కడ వెలిగించాను, కళ్ళు తెరుచుకునే.

ఏలూరు బస్టాండులో అన్నయ్యకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు. "ఎక్కడున్నావే?" అన్నాడు. చెప్పాను. "అమ్మ అడిగిందా నన్ను, చివర్లో?" అన్నాడు. తొమ్మిది నెలలుగా అన్నయ్య ఆ మాట అడగడానికి ఎవరూ లేక ఉన్నాడని నాకు తట్టనే లేదు. అడిగిందని చెప్పాను. అవతల ఏడుపు వినపడింది. ఛాతీలో బిగింపు వచ్చింది, చూస్తూ ఉండగానే వదిలింది.

ఇది రాస్తున్నది నలభై రెండో రోజున. పొద్దున గంట తప్పకుండా కూర్చుంటున్నాను, సాయంత్రం గంట వారంలో రెండు మూడు రోజులు కుదరడం లేదు. ఆసనాలు మళ్ళీ మొదలుపెట్టాను, ధ్యానంలో మాత్రం జపం కలపడం లేదు. ఊదారంగు వెలుగు మళ్ళీ రాలేదు. కుడి మోకాలి కింద శాలువా ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. మాఘ బహుళ షష్ఠికి అమ్మ సాంవత్సరికం. అన్నయ్య టికెట్ తీసుకున్నాడు, రెండు రోజుల ముందే వస్తున్నాడు.